పగులు ఎప్పుడు కదిలింది?

గత ఆషాఢంలో ఒక సాయంత్రం, రాయగడలో లేతు, వెల్డింగు పనుల షాపు నడుపుతున్న మా మేనల్లుడు గోనెసంచిలో చుట్టిన ఇనుప ముక్క ఒకటి తెచ్చి మా వీధి అరుగు మీద పెట్టాడు. గుణుపురం వైపు ఒక రైసు మిల్లులో పాత నీళ్ల ట్యాంకును క్రేనుతో దించుతుంటే, ట్యాంకు నెత్తిన వెల్డు చేసి ఉన్న రెండు లిఫ్టింగు లగ్గుల్లో, అంటే హుక్కు తగిలించే ఇనుప చెవుల్లో, ఒకటి కొంత దూరం చిరిగి ఆగిపోయిందట. ట్యాంకు ఖాళీదే కదా అని అందరూ అనుకున్నారు. అడుగున ఏళ్ల తరబడి పేరుకున్న ఒండ్రు రాయిలా గట్టిపడి ఉన్న సంగతి ఎవరికీ తట్టలేదు. హుక్కు ఒక పక్కకు ఒరగడం గమనించిన క్రేను ఆపరేటరు వెంటనే బరువును నేలకు దించేయబట్టి ఎవరికీ దెబ్బ తగలలేదు. మా వాడు చీలికకు దూరంగా గ్యాసు కటింగు పెట్టి ఆ లగ్గును కోసి తెచ్చాడు. 20 మి.మీ. మందం ప్లేటు అది. వెల్డు అంచున మొదలైన చీలిక ప్లేటు వెడల్పులో మూడో వంతు దాకా పోయి, గోరు దూరేంత నోరు తెరుచుకుని, అక్కడ నిలిచిపోయి ఉంది.

“మావయ్యా, ముందురోజు సాయంత్రం నేనే టార్చిలైటు వేసి సూసాను. గీత కూడా లేదు. మరి ఇది ఎప్పుడు పగలడం మొదలెట్టినట్టు?” అని అడిగాడు.

అతని వెంట వచ్చిన కుర్రవాడు ఒడియా పిల్లవాడు. సంచి విప్పుతూనే ‘ఫాటిగలా’ అని ఒక్క మాటలో తేల్చేశాడు. పగిలిపోయింది, అంతే. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు సరిహద్దుకు ఇటుపక్కన ఉండిపోయిన మా వంటి తెలుగు ఇళ్లలో రెండు భాషలూ రోజంతా నడుస్తూనే ఉంటాయి కనుక, ఆ మాట విన్నప్పుడు మన తెలుగులో ఇదే పనికి ఎన్ని మాటలున్నాయో గుర్తుకొచ్చింది. గాజు చిట్లుతుంది, కుండ పగులుతుంది, గోడ బీట తీస్తుంది, తాడు తెగుతుంది, బట్ట చిరుగుతుంది. ఈ మాటలు ఒకదాని చోట ఒకటి పెట్టుకోదగ్గవి కావు, ఎందుకంటే ఒక్కొక్కటి ఒక్కో పదార్థం విడిపోయే తీరును పట్టుకుని పుట్టింది. నా ముందున్న లగ్గు చిట్లలేదు, పగలలేదు. గట్టి ఖద్దరు గుడ్డను రెండు చేతులతో లాగినప్పుడు నూలుపోగులు ఒకటొకటిగా సాగి తెగినట్టు, అది చిరిగింది. చిరిగే లోహంలో ఆ చిరగడం ఏ క్షణాన మొదలైందో చెప్పడం ఎంత కష్టమో, ఒక లోహ పరీక్షశాలలో ఇరవై ఏళ్లకు పైగా యంత్రం దగ్గర నిలబడి పని చేసినవాడిగా నాకు బాగా తెలుసు. మేనల్లుడికి ఆ రాత్రి చెప్పిన సంగతులనే కొంచెం క్రమంగా, కొంచెం విస్తరించి ఇక్కడ రాస్తున్నాను.

పెళుసు పదార్థాల విషయంలో ఈ ప్రశ్నకు జవాబు సులభం. 1921లో గ్రిఫిత్ గాజు మీద చేసిన పని ప్రచురించినప్పటి నుంచి దాని లెక్క తెలిసిందే: పగులు పెరిగితే విడుదలయ్యే శక్తి, కొత్త ఉపరితలం తయారు కావడానికి కావలసిన శక్తిని మించిన మరుక్షణం పగులు దూసుకుపోతుంది. యంత్రంలో చప్పుడు వినిపిస్తుంది, బరువు చూపే ముల్లు టక్కున పడిపోతుంది, ముక్క రెండవుతుంది. మొదలూ చివరా దాదాపు ఒకటే కనుక ఎప్పుడన్న ప్రశ్నకు తావు లేదు. సాగే ఉక్కులో అలా జరగదు. లాగే కొద్దీ బరువు మెల్లగా ఎక్కుతుంది, యంత్రం గీసే బరువు–కదలిక గీత వంగుతుంది, ఒక చోట గుట్టలా గుండ్రంగా తిరిగి మెల్లగా దిగుతుంది. ఆ గీతలో ఎక్కడా ఒక మెలిక గాని, ఒక విరుపు గాని ఉండదు. పగులు అందులోనే ఎక్కడో కదిలి ఉంటుంది, కాని గీత దాన్ని బయటపెట్టదు.

నేను పనిలో చేరిన కొత్తలో ఇక్కడే తప్పు చేశాను. బరువు గరిష్ఠానికి చేరిన చోటే పగులు కదిలిందని నమ్మి, ఆ బిందువు దగ్గరి విలువను రిపోర్టులో రాసి సంతకానికి పంపాను. మా పెద్దాయన ఆ కాగితాన్ని తిప్పి పంపలేదు. నన్ను పిలిచి, అదే ప్లేటు నుంచి కోసిన ఇంకో నమూనాను గరిష్ఠం కంటే చాలా ముందే ఆపించి, దాన్ని విరగ్గొట్టించి చూపించాడు. అందులో పగులు అప్పటికే అర మిల్లీమీటరు పైగా ముందుకు నడిచి ఉంది. సాగే ఉక్కుల్లో గరిష్ఠ బరువు తరచూ పగులు కదిలిన తర్వాతే వస్తుంది. ఆ మధ్య దూరంలో పగులు పెరగడం వల్ల కోల్పోతున్న బలాన్ని లోహం సాగి గట్టిపడడం వల్ల వచ్చే బలం కప్పిపుచ్చుతుంది. నేను రాసిన విలువ, ఆ రోజు అలాగే వెళ్లిపోయి ఉంటే, ఆ ఉక్కును ఉన్నదానికంటే గట్టిదిగా చూపించి ఉండేది.

ఇంతకూ ఆ మొనలో ఏం జరుగుతుందో చూద్దాం. వాడిగా ఉన్న పగులు మొనను లాగినప్పుడు మొట్టమొదట అది కదలదు, మొద్దుబారుతుంది. సూది మొన లాంటిది క్రమంగా గుండ్రమై, రెండు పెదవుల మధ్య దూరం పెరుగుతుంది. 1961లో వెల్స్ ఉక్కు నమూనాలను పరీక్షించినప్పుడు పగులు పెరగకముందే దాని పెదవులు ఎడంగా జరగడం చూసి, ఆ ఎడాన్నే కొలమానంగా తీసుకోవాలని ప్రతిపాదించాడు. మొద్దుబారే ఈ దశలో మొన కొద్దిగా ముందుకు జరిగినట్టు కనిపిస్తుంది, కాని అది సాగడమే తప్ప చిరగడం కాదు. ఈలోగా మొనకు ముందున్న లోహంలో, అన్ని వైపుల నుంచీ లాగుడు పడే చోట, ఉక్కులో సహజంగా ఉండే మాంగనీసు సల్ఫైడు, ఆక్సైడు రేణువుల చుట్టూ సన్నని ఖాళీలు పుడతాయి. ఆ ఖాళీలు ఉబ్బుతాయి. అన్ని వైపుల లాగుడు పెరిగే కొద్దీ ఆ ఉబ్బు ఘాతాంక వేగంతో పెరుగుతుందని 1969లో రైస్, ట్రేసీ లెక్కగట్టారు. చివరికి మొనకు అతి దగ్గరగా ఉన్న ఖాళీకీ, మొద్దుబారిన మొనకూ మధ్య మిగిలిన సన్నని లోహపు గోడ తెగి రెండూ కలిసిపోతాయి. పగులు కదిలిందని నిజంగా చెప్పగల క్షణం అదే. కాని నమూనా మందం పొడవునా ఈ కలయిక ఒకేసారి జరగదు. ఇక్కడొకటి, అక్కడొకటి, వానకాలం మొదట్లో ఇసుక మీద పడే తొలి చినుకుల్లా జరుగుతుంది. ఎన్ని చినుకులు పడితే వాన మొదలైనట్టు అని ఎవరైనా అడిగితే, ముందుగా ఒక ఒప్పందానికి రావాలి. పగులు మొదలును కొలవడంలో ఉన్న చిక్కంతా ఇదే, ఆ ఒప్పందాన్ని సరిగా రాసిపెట్టడమే ఈ శాస్త్రంలో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం.

కొలవడానికి ముందుగా ఒక రాశి కావాలి. ఉక్కు విస్తారంగా సాగిపోయిన చోట, వదిలితే వెనక్కి వచ్చే సాగుదలకు మాత్రమే సరిపోయే పాత లెక్కలు పనికిరావు. పగులు ముందుకు నడవడానికి మొనకు అందే శక్తిని లెక్కగట్టే రాశి, 1968లో రైస్ చూపిన జె సమాకలని, ఆ దారి తెరిచింది. సోవియట్ దేశంలో చెరెపనోవ్ అంతకు ముందు ఏడాదే అటువంటి ఆలోచనే చేశాడు. పగులు మొన చుట్టూ ఏ దారిన తిరిగి లెక్క కట్టినా ఒకే విలువ వచ్చే ఆ రాశిని, పరీక్షలో బరువు–కదలిక గీత కింది వైశాల్యం నుంచే రాబట్టవచ్చని తేలాక, 1972లో బెగ్లీ, లాండెస్ దాన్ని పగులు కదలడానికి గీటురాయిగా వాడి చూపించారు. అప్పటి అవసరం అణు విద్యుత్కేంద్రాల్లో వాడే పీడన పాత్రల ఉక్కుది.

ఈ రాశి వల్ల ఎంత మేలు జరిగిందో అంకెల్లో చూస్తే గాని తెలియదు. సగటున 300 మెగాపాస్కళ్ల దగ్గర లొంగి, అంటే తిరిగి రానంతగా సాగడం మొదలుపెట్టి, 500 దగ్గర తెగే ఒక మామూలు ఉక్కును ఊహించుకుందాం. దాని పగులు జె విలువ చదరపు మీటరుకు 200 కిలోజౌళ్ల దగ్గర కదులుతుందనుకుంటే, దానికి సరిపోయే పాత కొలమానం, అంటే పగులు మొన దగ్గర లాగుడు తీవ్రతను చెప్పే కె విలువ, సుమారు 215 వస్తుంది. ఆ కె విలువను నేరుగా కొలవాలంటే పాత ప్రమాణం అడిగే నమూనా మందం దాదాపు 1.28 మీటర్లు! అంత ఉక్కు దిమ్మెను లాగే యంత్రం ఏ పరీక్షశాలలోనూ కనిపించదు. అదే ఉక్కుకు జె పద్ధతిలో, తొలి ప్రమాణపు కఠినమైన నియమం ప్రకారం చూసినా 12.5 మి.మీ. మందం చాలు, ఇప్పటి నియమానికి 5 మి.మీ. చాలు. అరచేతిలో ఇమిడే నమూనాతో మీటరు మందపు దిమ్మె గురించి మాట్లాడగలగడం మా తరం పరీక్షకులకు దొరికిన వరం.

నమూనాను తయారు చేయడం కూడా ఓపిక పనే. 25 మి.మీ. మందపు దిమ్మెలో గాడి కోసి, ఆ గాడి కొస నుంచి చిన్న చిన్న బరువులతో వేల సార్లు లాగి వదిలి, సహజమైన వాడి పగులును పెంచాలి. దీన్నే అలసట పగులు అంటాం. రంపం కోత ఎంత సన్ననిదైనా దాని మొన మొద్దుదే కనుక, నిజమైన పగులుకు అది సాటి రాదు. తర్వాత రెండు పక్కలా మందంలో పదేసి శాతం లోతున గాళ్లు తీస్తాం, పగులు ముందంచు వంకర పోకుండా తిన్నగా నడవడానికి.

అసలు కొలతకు నాకు అన్నిటికంటే నమ్మకమైన దారి, అన్నిటికంటే పాతదీ ఖరీదైనదీ అయిన పలు నమూనాల పద్ధతి. ఒకే ప్లేటు నుంచి ఆరేడు నమూనాలు కోసి, ఒక్కొక్కదాన్ని ఒక్కో దూరం దాకా లాగి ఆపుతాం. దేనినీ విరగనివ్వం. తర్వాత వాటిని సుమారు 300 డిగ్రీల కొలిమిలో అరగంట ఉంచుతాం. కమ్మరి కొలిమి చూసినవారికి తెలిసిందే, వేడెక్కిన ఉక్కు ముఖం మీద లేత పసుపు, గోధుమ, ఊదా, నీలం రంగులు వరుసగా ఎక్కుతాయి. పగులు తెరిచిన మేరకే గాలి చేరుతుంది, అంతవరకే రంగు పడుతుంది. ఆపైన నమూనాను ద్రవ నత్రజనిలో ముంచి, అది పెళుసెక్కిన తర్వాత ఒక్క దెబ్బతో విరగ్గొడతాం. రెండు ముఖాలూ బయటపడతాయి: మొదట నున్నని అలసట పగులు, దాని తర్వాత రంగు పట్టిన సన్నని పట్టీ, ఆ తర్వాత చలికి పెళుసుగా విరిగిన మెరిసే గింజలు. మధ్యనున్న ఆ పట్టీయే పరీక్షలో పగులు నడిచిన దూరం. దాన్ని మందం పొడవునా తొమ్మిది చోట్ల సూక్ష్మదర్శినితో కొలిచి, అంచుల్లోని రెండింటి సగటును ఒకటిగా లెక్కేసి, మిగిలిన ఏడింటితో కలిపి సగటు తీస్తాం. ఒకసారి నూనె చేతులతో ముట్టుకున్న నమూనాలను తుడవకుండా కొలిమిలో పెట్టి, రంగు మరకలు మరకలుగా వచ్చి, ఆరు నమూనాల్లో నాలుగు పాడు చేసుకున్నాను. మూడు వారాల పని అది. అప్పటి నుంచి అసిటోను సీసా చేతికి అందేచోట లేకుండా కొలిమి తలుపు తెరవలేదు. అల్యూమినియం మీద ఇలా రంగు ఎక్కదు కనుక, దానికి మళ్లీ అలసట బరువులు వేసి, ఆ నున్నని గీతతోనే హద్దు గుర్తిస్తారు.

ఇలా ఒక్కో నమూనా నుంచి ఒక్కో బిందువు వస్తుంది: ఇంత జె దగ్గర ఇంత పెరుగుదల. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఈ బిందువుల్లో ఏదీ మొదలు కాదు. అన్నీ మొదలైన తర్వాతివే. పగులు నడిచి వెళ్లిన దూరాలు కొలిచి, ఆ అడుగుల వరుసను వెనక్కి పొడిగించి, ఎక్కడ బయల్దేరి ఉంటుందో ఊహిస్తున్నాం. ఆ వెనుక చివర ఎక్కడ ఆగాలన్నదానికే గీత గీయాలి. మొన మొద్దుబారడం వల్ల కనిపించే నకిలీ పెరుగుదలకు అమెరికా ప్రమాణం ఒక వాలు గీత ఇస్తుంది: లొంగే బలం, తెగే బలం రెండింటి సగటును రెండు రెట్లు చేసి, పెరుగుదలతో గుణించాలి. పైన అనుకున్న ఉక్కుకు ఆ సగటు 400, కనుక 200 జె దగ్గర మొద్దుబారడమే పావు మిల్లీమీటరు ఉంటుంది. 1981లో వెలువడిన ఇ813 ప్రమాణం బిందువుల గుండా తిన్నని గీత గీసి, అది ఈ మొద్దు గీతను కలిసిన చోటును మొదలు అంది. వినడానికి ఎంతో సబబుగా ఉంటుంది. కాని ఆచరణలో ఆ కూడలి దగ్గర బిందువులే ఉండవు, రెండు గీతలు చిన్న కోణంలో కలుస్తాయి కనుక ఏ ఒక్క బిందువు కాస్త జరిగినా కూడలి ఎక్కడికో పోతుంది. అందుకే తర్వాతి సవరణలో మొద్దు గీతకు సమాంతరంగా 0.2 మి.మీ. పక్కన ఇంకో గీత గీసి, వంపు తిరిగిన పెరుగుదల గీత దాన్ని ఎక్కడ కోస్తే అక్కడి విలువ తీసుకోమన్నారు. 1996లో వచ్చిన ఇ1820 ప్రమాణం కూడా దీన్నే కొనసాగించింది. అంటే ఈనాడు మనం మొదలు అని రిపోర్టుల్లో రాస్తున్నది, నిజానికి పగులు మొదలై సుమారు 0.2 మి.మీ. చిరిగిన తర్వాతి స్థితి.

అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 12135 కూడా 0.2 మి.మీ. అనే అంటుంది, కాని దాని మొద్దు గీత వాలు వేరు: తెగే బలానికి 3.75 రెట్లు. మన ఊహా ఉక్కుకు ఒక గీత వాలు 800 అయితే రెండవదానిది 1875. పెరుగుదల 1 మి.మీ. చేరేసరికి 300 జె ఉండి, 0.45 ఘాతంతో వంగే పెరుగుదల గీతను తీసుకుని నేను రెండు గీతలూ గీసి చూస్తే, ఒకటి 212 దగ్గర, మరొకటి 172 దగ్గర కోసింది. అదే ప్లేటు, అవే నమూనాలు, అవే కొలతలు. మొదలు మాత్రం రెండు. ఇందులో ఎవరి తప్పూ లేదు. కాని ఏ గీతతో కోశారో రాయకుండా ఒట్టి అంకె రాసిన రిపోర్టు చేతికొస్తే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది, ఎందుకంటే దాన్ని నమ్మి ఎవరో ఒక పైపుకో పాత్రకో బరువు నిర్ణయిస్తారు.

ఆరేడు నమూనాలకు లోహం గాని డబ్బు గాని లేనప్పుడు ఒక్క నమూనాతోనే పని జరగాలి. అందుకు రెండు దారులున్నాయి. మొదటిది, లాగుతూ లాగుతూ మధ్యమధ్య కొంచెం వదిలి మళ్లీ లాగడం. పగులు పెరిగిన కొద్దీ నమూనా మెత్తబడుతుంది, ఆ వదిలే గీత వాలును బట్టి పగులు పొడవు లెక్క కట్టవచ్చు. కంప్యూటరు ఉంటే ఒక మధ్యాహ్నంలో అయిపోయే పని. అయితే మొదటి నాలుగైదు సార్లు వదిలినప్పుడు పగులు పెరగడం బదులు కుంచించుకుపోయినట్టు లెక్క వస్తుంది. ఉక్కులో పగులు తిరిగి అతుక్కోదు కదా. ఆ దోషం నమూనాను యంత్రానికి తగిలించే పిన్నులదీ, ఆ పిన్నులు దూరే పట్టుగూటిదీ. పిన్ను గుండ్రటి రంధ్రంలో బిగుసుకుని తిరగనంటే, ఆ రాపిడి వాలును మార్చేస్తుంది. రంధ్రం అడుగును చదునుగా మలిచి, పిన్ను దాని మీద దొర్లేలా చేస్తే చాలావరకు పోతుంది. నేను గ్రీజు మార్చి, పిన్నులు మార్చి, గేజీ మార్చి, రెండు నెలలు అవస్థ పడ్డాక, చివరికి పట్టుగూడు రంధ్రంలో వేలు పెట్టి తడిమితే పాత పిన్ను నొక్కిన సన్నని పల్లం తగిలింది. ఆ పల్లమే పగులును వెనక్కి నడిపించింది. దురదృష్టం ఏమిటంటే మనకు కావలసిన మొదలు సరిగ్గా ఆ పాడైన తొలి బిందువుల మధ్యే ఉంటుంది.

రెండవ దారి కరెంటుది. ఇది చెప్పినప్పుడు మా మేనల్లుడి కళ్లు మెరిశాయి, అతని రోజువారీ పని కరెంటుతోనే కనుక. నమూనా గుండా స్థిరమైన కరెంటు పంపి, పగులుకు అటూ ఇటూ రెండు సన్నని తీగలు అతికి, వాటి మధ్య వోల్టేజీ చూడాలి. పగులు పెరిగితే కరెంటు పోయే దారి ఇరుకవుతుంది, వోల్టేజీ పెరుగుతుంది. 1965లో జాన్సన్ ఇచ్చిన సూత్రం నేటికీ వాడుకలో ఉంది. కాని అంకెలు చూస్తే భయం వేస్తుంది: 25 మి.మీ. ఉక్కు నమూనాలో పది ఆంపియర్లు పంపితే వచ్చేది మిల్లీవోల్టులో అయిదో వంతు మాత్రమే, అందులో ఒక శాతం మార్పు అంటే రెండు మైక్రోవోల్టులు. రాగి తీగ ఉక్కును తాకిన రెండు చోట్ల మధ్య ఒక్క డిగ్రీ తేడా ఉంటే, ఆ తేడాయే పది మైక్రోవోల్టుల స్థాయిలో దొంగ వోల్టేజీ పుట్టిస్తుంది. కిటికీ లోంచి ఎండ నమూనా మీదికి జారినా పగులు పెరిగినట్టే కనిపిస్తుంది. అందుకని కరెంటును అటు తిప్పి ఒకసారి, ఇటు తిప్పి ఒకసారి చదివి, రెండింటి తేడాలో సగం తీసుకుంటారు. వేడి వల్ల పుట్టినది దిక్కు మారదు కనుక ఎగిరిపోతుంది. “ఎర్తు క్లాంపు సరిగ్గా అంటకపోతే అక్కడ కాలిపోద్ది కదా మావయ్యా, అదే గొడవా ఇది?” అని అడిగాడు. దానికి దాయాది గొడవే అన్నాను. ఇంత చేసినా, మొన మొద్దుబారుతున్నప్పుడూ లోహం సాగుతున్నప్పుడూ వోల్టేజీ కొంత పెరుగుతూనే ఉంటుంది. పగులు కదిలినప్పుడు ఆ పెరుగుదల గీత వాలు మారుతుంది. ఆ వాలు మారిన చోటును పట్టుకోవాలి. అది కొన్ని ఉక్కుల్లో మోచేతిలా స్పష్టంగా ఉంటుంది, కొన్నింటిలో నది మలుపులా ఎక్కడ తిరిగిందో తెలియనంత నిదానంగా ఉంటుంది.

ఒట్టి కళ్లతో గాని, కెమెరాతో గాని నమూనా పక్క ముఖాన్ని చూస్తూ కూర్చుంటే కనబడదా అని ఎవరైనా అడగవచ్చు. కనబడదు, లేదా ఆలస్యంగా కనబడుతుంది. మందం నడిమధ్యన లోహం పక్కకు కుంచించుకోవడానికి చోటు ఉండదు కనుక అన్ని వైపుల లాగుడు అక్కడే ఎక్కువ, ఖాళీలు అక్కడే ముందు ఉబ్బుతాయి, చిరగడం అక్కడే మొదలవుతుంది. అంచుల్లో లోహం స్వేచ్ఛగా సాగుతుంది కనుక అక్కడికి పగులు చివరన చేరుతుంది. గాళ్లు తీయని నమూనాను విరగ్గొట్టి చూస్తే పగులు ముందంచు బొటనవేలి గోరులా మధ్యన ముందుకు పొడుచుకు వచ్చి ఉంటుంది. ఫ్రాన్సు దేశపు గ్రెనోబుల్‌లోని సింక్రోట్రాన్ వంటి చోట్ల తీవ్రమైన ఎక్స్ కిరణాలతో చిన్న నమూనాల లోపలి ఖాళీలు ఉబ్బి కలుసుకోవడాన్ని చిత్రాలుగా తీస్తున్నారు. ఆ చిత్రాలను మొదటిసారి చూసిన రోజున, ఇన్నేళ్లూ గీతల్లో ఊహించినదాన్ని కళ్లారా చూసిన తృప్తితో నేను చాలాసేపు ఆ పేజీ తిప్పలేకపోయాను.

ఆ రాత్రి చీలిక ఆగిన చోటికి అవతల ప్లేటును కోసి, రెండు ముఖాలనూ విడదీసి, లైటు కిందికి ఒకదాన్ని జరిపి, భూతద్దం పెట్టి చూశాం. చీలిక లోపలి ముఖం మీద వెల్డు అంచును ఆనుకుని, మధ్యన అయిదారు మిల్లీమీటర్ల లోతున తుప్పు పట్టిన నల్లని అర్ధచంద్రం ఒకటి ఉంది. అది ఆ రోజుది కాదు. ఏళ్ల క్రితమే, బహుశా వెల్డు చల్లారిన నాటి నుంచే ఉన్న పాత పగులు. పై నుంచి దాన్ని వెల్డు పూసా, మూడు పూతల రంగూ కప్పి ఉంచాయి. ముందురోజు టార్చి వెలుతురులో గీత కనిపించకపోవడంలో మా వాడి తప్పేమీ లేదు. ఆ నల్లని చంద్రుడి అంచున జుట్టు మందాన మెరిసే ఒక గీత, మొన మొద్దుబారినప్పుడు సాగిన పట్టీ. దాన్ని కొలవాలంటే భూతద్దం చాలదు, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కావాలి. దాని వెడల్పు తెలిస్తే, ఏ 0.2 గీతా అవసరం లేకుండా, పగులు నిజంగా కదిలిన నాటి జె విలువను లెక్క కట్టవచ్చు. ఐఎస్ఓ ప్రమాణం ఈ దారిని కూడా చెబుతుంది, నా మనసు ఎప్పుడూ దీనివైపే మొగ్గుతుంది. ఆ గీత దాటిన తర్వాత అంతా బూడిదరంగు, నూలు చింపినట్టు పీచు పీచుగా, వేలికి గరుకుగా తగిలే కొత్త చిరుగు. ఒండ్రు బరువు క్రేను మీద పడిన ఆ కొద్ది క్షణాల్లో నడిచినది అదే.

మేనల్లుడు విడిగా కోసిన రెండో ముఖాన్ని తెచ్చి మొదటి ముఖానికి ఆనించి సరిగ్గా అతుకుతుందో లేదో చూడబోయాడు. చేయి పట్టుకుని ఆపాను. విరిగిన ముఖాలను ఒకదానికొకటి ఎప్పుడూ ఆనించకూడదు. ఆ మెరిసే పట్టీ, పీచులు ఒకదాని మీద ఒకటి నలిగి, చెప్పవలసిన సంగతులన్నీ చెరిగిపోతాయి. గుడ్డతో తుడవకూడదు, వేలితో రుద్దకూడదు. నాగావళి ఒడ్డున ఆషాఢపు గాలికి రెండు రోజుల్లో కొత్త తుప్పు కమ్ముతుంది కనుక, పలచని నూనె చుక్కలు వేసి, శుభ్రమైన కాగితంలో విడివిడిగా చుట్టి, తేమ పీల్చే సిలికా పొట్లం వేసి డబ్బాలో పెట్టించాను. ఒక ముక్క మీద బరువు దిక్కు బాణం, ప్లేటు రోలింగు దిక్కు తెలిసినంత మేరకు మరో బాణం గీయించాను, ఎందుకంటే రోలర్ల కింద సాగి రేకుల్లా పరుచుకున్న సల్ఫైడు రేణువులు ఏ దిక్కున ఉన్నాయన్నదాన్ని బట్టి అదే ఉక్కు చిరిగే బలం చాలా మారుతుంది.

డబ్బా మూత బిగిస్తూ అతను, “రెండో లగ్గు బాగానే ఉంది మావయ్యా, మిల్లువాళ్లు దాన్ని వేరే ట్యాంకుకి వాడుకుంటామంటున్నారు” అన్నాడు. అదే రోజు, అదే చేతితో, అదే రాడ్డుతో వేసిన వెల్డు అది. మర్నాడు ఉదయం మొదటి బస్సుకే ఇద్దరం గుణుపురం వెళ్లాం. మిల్లు యజమానిని ఒప్పించి, రెండో లగ్గు వెల్డు అంచున రంగు గీకించి, పగుళ్లలోకి దూరే ఎర్ర డై పూసి, పావుగంట ఆగి తుడిచి, తెల్ల డెవలపరు చల్లాం. నిమిషం తిరగకముందే తెల్లని పూత మీద, వెల్డు అంచు వెంబడి, రెండు అంగుళాల పొడవున ఎర్రని గీత ఉబికి వచ్చింది. యజమాని ఏమీ మాట్లాడకుండా గ్యాసు కటింగు గొట్టాన్ని తనే లాగి మా వాడి చేతికిచ్చాడు.